పుంలింగం లేని మాట

షార్జాలో, రోలా దగ్గర టైపింగ్ సెంటరు.
ఫారం నింపుతున్న మలయాళీ కుర్రాడు
వృత్తి అన్న గడి దగ్గర వేలు ఆపాడు.
మీ పేరు మీద మేడమ్ వీసా, అంతే కదా?
కాదు బాబూ, మేడమ్ పేరు మీద నాది.
కంప్యూటర్లో గృహిణి ఉంది,
దానికి మగవాడు లేడు.
చిన్న గీత పెట్టి వదిలేశాడు.

ఆ గీతలోనే కాపురముంటున్నాను
పద్నాలుగు నెలలుగా.

తెలుగులో మాత్రం ఏముంది?
ఇల్లాలికి పుంలింగం అడిగితే
బళ్లో మాస్టారు గృహస్థు అనేవారు.
గృహస్థు చీపురు పట్టడు.
ఇంటాయన అంటే
ఇంటిపని తప్ప అన్నీ చూసుకునే ఆయన.

సుగుణకి ల్యాబులో రాత్రి డ్యూటీ.
ఎవరెవరి రక్తాలో చూసీ చూసీ
పొద్దున ఏడున్నరకి తలుపు తీస్తుంది.
అప్పటికి పాపని బస్సెక్కించేసి ఉంటాను.
బస్సు దగ్గర ఆడవాళ్లు
మొదట్లో నన్ను చూసి మాట మార్చేవారు.
ఇప్పుడు అత్తగార్ల మీద ఫిర్యాదులన్నీ నా ముందే.
వాచ్‌మన్ రఫీకుల్ నన్ను సార్ అనడం
ఏ నెలలో మానేశాడో గుర్తులేదు.
భాయ్, ఉల్లిపాయ చవగ్గా ఉందక్కడ, అంటాడు.

మొన్న మార్కెట్టుకి పోయి షేరీ చేప తెచ్చి
చింతపండు పిసికి
మా అమ్మ పెట్టినట్టే పులుసు పెట్టాను.
బాల్కనీలో ఇసుక ఎత్తిపోసి వచ్చి
ఎదురుగా కూర్చున్నాను.
ఫోను చూసుకుంటూ తినేసింది.
చెయ్యి కడుక్కుంది. పడుకుంది.

పులుసు ఎలా ఉందో
అనలేదు.

అడుగంటని గిన్నెని అరిగేలా తోముతున్నాను.
"ఈ కొంపలో ఒక్కరన్నా
నోరు తెరిచి బాగుందంటారా!"
నా నోట్లోంచే వచ్చింది.
గొంతు నాది కాదు.
ఏలూరులో కిరోసిన్ స్టవ్వు ముందు
మా అమ్మ ఈ మాటే అంటుంటే
హాల్లోంచి పేపరు తిప్పిన చప్పుడొకటి వినబడేది.
నా పెళ్లయ్యాక
పదకొండేళ్లు
ఆ పేపరు తిప్పింది నేను.

రెండింటికి లేచింది.
"ముక్క ఏమైనా మిగిలిందా?"
మిగిలింది, తోక ముక్క.
ఎలా ఉందని అడగబోయి
ఇంకోటి అడిగాను:
ఇన్నేళ్లలో నీకు ఏ పూట వంట బాగా కుదిరింది, సుగుణా?

ముల్లు తీసుకుంటూ ఆలోచించింది.
"మీరు సైటులోనే ఉండిపోయిన రోజుల్లో," అంది.

పాప బస్సు వేళైంది.
చెప్పులు ఎక్కడ విడిచానో
చాలాసేపు వెతికాను.