ప్రొవిజినల్

సంచీలో రెండు కాగితాలు,
ఒకదాని కంట ఒకటి పడకుండా
మధ్యలో అన్నం డబ్బా.
ఒకటి, కాకుటూరులో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్,
మొదటి సెమిస్టర్, ప్రవేశం తాత్కాలికం.
ఇంకొకటి, బీఎస్సీ ఆక్వాకల్చర్,
ఐదో సెమిస్టర్ కెమిస్ట్రీ,
సప్లిమెంటరీ హాల్‌టికెట్.
ఫోటోలో నేనే, మూడేళ్ళ కిందటి జడతో.

ఖాజావలి గారు కళ్ళద్దాలు నుదుటికెక్కించి
"డిగ్రీ అయిందా అమ్మా?" అన్నాడు.
"అవుతుండాది సార్."
"అవుతుండాది అనే గడి లేదే దీంట్లో."
ఇద్దరం కాసేపు ఆ దరఖాస్తునే చూశాం,
గడి ఏమన్నా మొలుస్తుందేమోనని.
చివరికి హామీపత్రం రాయించుకున్నాడు.
'గడువులోగా పట్టా సమర్పించని యెడల...'
ఆ 'యెడల' దగ్గర చెయ్యి ఆగింది.
పెన్ను ఆయనదే. సిరా అయిపోవచ్చింది.
నా సంతకం సగం గీత, సగం గాడి.

మొదటి క్లాసు. వకుళ మేడమ్
బోర్డు తుడవకుండానే అడిగింది:
"సార్వభౌమాధికారం ఎక్కడుంటుంది?"
గ్రూప్స్‌కి చదివే అబ్బాయి
రాజ్యాంగ పీఠిక గడగడా అప్పజెప్పాడు.
"పార్లమెంటులో" అన్నారెవరో.
"ప్రజల దగ్గర" అంది ముందు బెంచీ పిల్ల,
ఎందుకో అందరూ నవ్వారు, ఆ పిల్లతో సహా.
నాకు మా వంటింటి గోడ కనబడింది.
గోడకు మేకు.
మేకుకు బీగంచెవి.

మా నాయన కాలవ మీద లస్కరు.
నేను పుట్టక ముందు నుంచీ
తూము బీగంచెవి మా ఇంట్లోనే.
నారు ఎండితే చివరి ఆయకట్టు వాళ్ళు
అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవాళ్ళు.
"మస్తానయ్యా, రెండు గంటలు ఎత్తబ్బా.
పిల్లల గలోళ్ళం."
నాయన చెవి తీసి అరచేతిలో పెట్టుకుని
బరువు చూసినట్టు చూసి
మళ్ళీ మేకుకే తగిలించేవాడు.
"చెవి నా కాడుండాది.
మాట నా కాడ లేదు."

మాట ఏఈ దగ్గర.
ఏఈనడిగితే డీఈ దగ్గర.
ఆ పైన ఒక ఫోను.
ఫోను ఎవరిదో నాయనకు తెలుసు,
అన్నం కలుపుతూ మాట మార్చేసేవాడు.
తెల్లారి చూస్తే
పైరుకి రాని నీళ్ళు రొయ్యల గుంటల్లో
ఆకాశంతో సహా నిండి ఉండేవి.

ఆ నీళ్ళే సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి పోయేదాన్ని.
లవణత చెప్పగలను. పీహెచ్ చెప్పగలను.
ఏ రాత్రి, ఎవరి మాట మీద వచ్చాయో
రాయడానికి రికార్డులో నిలువుగడి లేదు.
కెమిస్ట్రీ అందుకే పోయిందని అనను.
కెమిస్ట్రీ చదవక పోయింది.

రామతీర్థం బస్సు దిగేసరికి చీకటి.
నాయన అరుగు మీద కూచుని
చెవికి కొబ్బరినూనె పూస్తుండాడు.
"ఏం చెప్పింది మే మీ టీచరమ్మ?"
"ఒక ప్రశ్న అడిగింది."
"జవాబు?"
"రెండేళ్ళు పడుతుందంట."
చాలాసేపు నవ్వాడు.
"కింద డిగ్రీ తడవకుండానే పైదానికి మడి కట్టావు.
నీదీ చివరి ఆయకట్టే మే.
వచ్చినప్పుడు వస్తాయిలే నీళ్ళు."
నవ్వు ఆపి, కొంచెం ఆగి,
"ఆ ఫోను సంగతి గూడా ఉంటుందా ఆ పుస్తకాల్లో?" అన్నాడు.
చూసి చెబుతానన్నా.

శుక్రవారం పరీక్ష.
లోపలికి పోయి కెమిస్ట్రీ పుస్తకం తెచ్చుకుని
ఆయన పక్కనే కూచున్నా.
నూనె గుడ్డ మీద ఎర్రటి పొడి.
ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది?
ఇది వచ్చు నాకు.
గాలి, తడి, వాడకపోవడం.
మూడోది పుస్తకంలో లేదు.
రెండు మార్కుల ప్రశ్న.
వస్తే బాగుండు.