వాలుగకి ఇల్లు

ఎనిమిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు,
ఎత్తు రెండున్నర.
సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన కొలతలు చూసి
స్టోన్‌హౌస్‌పేట జిలానీ కళ్లద్దాలు పైకి నెట్టాడు.
"ఏం పెంచుతావు సామీ, మొసలినా?"
వాలుగని, అన్నా.
పెన్సిలు చెవి మీదే ఉండిపోయింది కాసేపు.
"వాలుగని పులుసు పెట్టుకుంటారు గానీ..."
అని, పంతొమ్మిది మిల్లీమీటర్ల అద్దానికి రేటు చెప్పాడు.

నీళ్లే పదిహేడు వందల లీటర్లు.
మిద్దె మీద వద్దు, కింద వసారాలోనే, అంది వనజాక్షి.
చీమకుర్తి నుంచి అంచు విరిగిన నల్లరాయి పలకలు
లారీవాడు పాత బాకీ కింద దింపిపోయాడు.
వాటి మీద థర్మాకోల్.
రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా
రాళ్ల కింద రేకుముక్కలు దోపుతూనే ఉన్నా.

సిలికాను ఆరేదాకా వారం
ఇల్లంతా పులిసిన కల్లు వాసన.
ఆ పైన నెల రోజులు చేప లేని నీళ్లు తిరిగాయి,
నీలం డ్రమ్ములోకి, అంట్లపీచులోంచి, పెంకుముక్కల్లోంచి,
మళ్లీ తొట్టిలోకి.
రోజూ అమ్మోనియా చూసి క్యాలెండరు మీద రాశా,
పాలవాడి లెక్క పక్కన.
"ఏమీ లేనిదానికి ఇంత చాకిరీనా?"
లేకేం, కంటికి ఆనని పురుగులు కాపురం పెడతా ఉండాయి, అన్నా.
ఆమె నవ్వలా.
ఈలోపు చేప ఎక్కడుందయ్యా అంటే
మా బాత్రూములో, సగానికి కోసిన నీళ్ల ట్యాంకులో.

ఇరవై రెండేళ్లు విడవలూరు గుంటల మీద నా పని
రొయ్యపిల్ల వదలకముందు టీ సీడ్ చల్లడం.
రాత్రి నానేస్తే తెల్లారికి నురగ.
గంటలో తేలేవి
జెల్లలు, కొర్రమీన్లు, బొమ్మిడాయలు.
రొయ్యని తినేదేదీ గుంటలో ఉండకూడదు.
బుట్టలతో గట్టున పోయిస్తే
కాకులు కూడా ఆలోచించుకుని తినేవి.

మొన్న మాఘంలో, తెల్లమచ్చకి మూడో పంట పోయాక,
ఓనరు గుంట అమ్ముకునే ముందు
చివరి మందు నాచేతే వేయించాడు.
అన్నీ తేలాయి.
తూము దగ్గర మంచినీళ్లూరే మూల
మూరెడు వాలుగ ఒకటి నోరు తెరిచి
నన్ను కాదు, నా పైనున్న గాలిని చూస్తా ఉంది.
ఎందుకెత్తానో అడగొద్దు.
బకెట్టులో తోక పట్టలా. లుంగీ తడిపి చుట్టి
ఎక్సెల్ బండి మీద నెల్లూరుదాకా.

ఇప్పుడది రెండు మూరలు.
పగలంతా ఎనిమిదంగుళాల పీవీసీ గొట్టంలో
మీసాలు మాత్రం బయటపెట్టి,
అప్పులోడొచ్చాడని లోపల నక్కిన మనిషిలా.
తొట్టి మూత మీద నాలుగు ఇటికలు.
చిన్నోడు ముచ్చటపడి బంగారు చేపలు ఆరు తెచ్చి వదిలితే
తెల్లారేసరికి ఉత్త గులకరాళ్లు.
వాడు రెండ్రోజులు మాట్లాడలా,
చేపతో కాదు, నాతో.
మేతకి రొయ్యలే,
ఏరివేతలో తీసేసినవి, అరవై కౌంటు.
ఎటు పోయిన లెక్క ఎటు వచ్చిందో
వనజాక్షి రాసుకుంటా ఉంది.

రాత్రి రెండింటికి కరెంటు పోతే
నాకంటే ముందు నా కాళ్లు లేస్తాయి. గుంటల అలవాటు.
ఏరియేటర్లు ఆగితే పంట గోవిందా.
నిన్న రాత్రీ అంతే.
బ్యాటరీ పంపు ఎక్కడ పెట్టానో కనపళ్లా.
ఇటికలు దించి, మూత తీసి
చేత్తోనే చిలికా నీళ్లు, మోచేతిదాకా, చీకట్లో.

అప్పుడు తగిలాయి మీసాలు.
వాలుగ మీసాలతోనే రుచి చూస్తుందంటారు.
మణికట్టు, అరచెయ్యి, ఒక్కో వేలు
తీరిగ్గా చూసింది.
ఇరవై రెండేళ్లు టీ సీడ్ కలిపిన చెయ్యి.
తియ్యలా నేను.
ఏం తెలిసిందో దానికి,
తోకతో ఒక్క తట్టు తట్టి గొట్టంలోకి పోయింది.

కరెంటొచ్చింది.
ముందు వసారాలో ఫ్యాను, తర్వాత బుడగలు.