ఆదివారం, ఏడో వీధి

ఆరు రోజులు ఈ వీధిని కూర్చునే దాటుతాను.
ఉత్తరం డిపో నుంచి దక్షిణం డిపోకి,
దక్షిణం నుంచి మళ్ళీ ఉత్తరానికి.
కాళ్ళకి చక్రాలు కట్టుకున్న మనిషినని
మా నూబియా బొగొటా అంతా చెప్పుకుంటుంది.
నిజమే.
ఇరవై రెండేళ్ళు చక్రాలు తిరిగాయి,
కాళ్ళే తిరగలేదు.

కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు.
నా దగ్గర సామెత తిరగబడింది,
తిన్నకొద్దీ బెల్టు మీద
కొండొకటి మొలిచింది.

క్లినిక్‌లో నర్సు నడుముకి టేపు చుట్టింది.
దొంగలా ఊపిరి బిగబట్టాను.
"వదలండి సెన్యోర్ ఎవేలియో,
టేపుకి మొహమాటాలుండవు" అంది.
నూట ఎనిమిది.
తర్వాత చక్కెర, రక్తపోటు, కొవ్వు,
ఒక్కో అంకె రాసి ఒక్కో నిట్టూర్పు.
"సెలవు రోజున ఏం చేస్తారు?"
"పడుకుంటాను."
ఆ జవాబునీ కాగితం మీదకి ఎక్కించింది.

కాగితం మడిచి లైసెన్సు వెనక దాచాను.
అక్కడే ఉండిపోయేది,
ఓటోనియెల్ సంగతి జరగకపోతే.

నా ముందు బస్సు వాడిది.
మే నెల, వాన, నలభై ఐదో వీధి మలుపు.
ముందు బ్రేకు తొక్కాడు.
హ్యాండ్ బ్రేకు లాగాడు.
తలుపులు తెరిచాడు.
ఆ తర్వాతే చెయ్యి
గుండె మీదకి తీసుకెళ్ళాడు.
ముప్ఫై నాలుగు మంది క్షేమంగా దిగారు,
ఒక్కడు దిగలేదు.
అద్దం మీద వైపర్లు ఆడుతూనే ఉన్నాయి,
నేనే లోపలికెళ్ళి ఆపాను.

ఆదివారం ఏడింటికి ఈ వీధికి అడ్డంగా
నారింజ రంగు కోన్‌లు పెడతారు.
కార్లు రావు, బస్సులు రావు.
నేను వచ్చాను,
బావమరిది సైకిలు మీద,
వాడి పొడవుకి బిగించిన సీటు మీద,
చిన్నపిల్లలు గంట కొట్టి మరీ దాటిపోతుంటే.

కొండ మీది ఊరు మాది, గాలి పల్చన.
పదకొండు వీధులు దాటేసరికి
గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంది.
వాడికీ ఇలాగే అనిపించిందా?
దిగిపోయి, నారింజలు పిండే పిల్ల పక్కన నిలబడ్డాను.
"రసం వద్దు, మంచినీళ్ళివ్వు."
నా మొహం చూసి మరో గ్లాసు నింపింది.
"భయపడకండి పొరుగాయనా,
పనిచేసేదే చప్పుడు చేస్తుంది"
అని తన యంత్రం పిడి కిర్రుమని లాగింది.
ఆ పిల్లకేం తెలుసు?
అయినా కాసేపటికి చప్పుడు నెమ్మదించింది,
మళ్ళీ ఎక్కాను.

అరవై మూడు దగ్గర ఎత్తుందని
ఇన్నేళ్ళూ నాకు తెలియదు.
ఇంజనుకి తెలిసేది, నాకు చెప్పేది కాదు.
పిక్కలు చెప్పాయి.
బేకరీలో జున్ను రొట్టె వాసన ఉందని,
తూర్పు కొండల మీంచి దిగే గాలికి
యూకలిప్టస్ చలి ఉందని,
అద్దం మూసుకున్నవాడికెలా తెలుస్తుంది?

నూబియా పార్కులో, అరుగు ముందు,
రెండు వందల మందితో ఎగురుతోంది.
నాకంటే రెండేళ్ళ ముందే మొదలెట్టిందట.
"నువ్వు నిద్రపోతున్నావు కదా,
లేపడం దేనికని" అంది,
చెమట తుడుచుకుంటూ.

ఎనిమిది నెలలకి టేపు నూట మూడు.
చక్కెర కాస్త దిగింది.
రక్తపోటు మొండిది, నా అంత మొండిది.
మాత్రలు మానలేదు, మానమని ఎవరూ అనలేదు.
నర్సు ఒక్క అంకె దగ్గర మాత్రం
నిట్టూర్చడం మర్చిపోయింది.

రెండింటికి కోన్‌లు ఎత్తేస్తారు.
మొదటి హారన్ మోగుతుంది.

సోమవారం.
నలభై ఐదో వీధి మలుపు, ఎర్ర దీపం.
వెనక ఎంతమందో, లెక్కపెట్టను.
కుడికాలు బ్రేకు మీద కదలకుండా ఉంది.
ఎడమ మడమ మాత్రం
దానంతటదే లేస్తోంది, దిగుతోంది,
అక్కడ లేని మెట్టేదో ఎక్కుతున్నట్టు.