హుస్సేనప్ప బీడీ

కంబదూరు మండలాఫీసు వెనక
వానను కొలిచే గిన్నె పక్కన
పొద్దున ఎనిమిదిన్నరకు ఇద్దరమే ఉంటాం.
రిజిస్టరుతో నేను,
బీడీతో హుస్సేనప్ప.

నిన్నటికి పంతొమ్మిది సున్నాలు.
ఇరవయ్యోది రాయబోతుంటే అడిగినాడు:
"మేడమ్, మీరు సైన్సు సదివినారు గదా,
ఈ ముదనష్టపు ఆకాశానికి ఇంత నీలం ఎవురు పూసిరి?"

ఎవరూ పూయలేదప్పా.
నీ చేతిలో బీడీ చూడు.
నిప్పు కొసన లేచే పొగ నీలంగా లేదూ?
నువ్వు పీల్చి వదిలింది తెల్లగా లేదూ?
ఆకు ఒకటే. పొగ ఒకటే.

కొసన పుట్టింది మరీ సన్నం.
వెలుగులో పొడుగు అలలు, ఎర్రవి,
దాన్ని లెక్కచేయక దాటిపోతాయి.
పొట్టివి, నీలివి, తట్టుకొని
నాలుగు దిక్కులకూ చెదురుతాయి.
మన నెత్తిమీద గాలీ అంతే.
కంటికానని దాని అణువులు
పగలంతా నీలాన్ని చల్లుతూనే ఉంటాయి.
పొద్దు వాలినాక
వెలుగు గాలిలో చానా దూరం నడిచి రావాల.
దోవలోనే నీలమంతా ఖర్చయిపోయి
మన చేతికొచ్చే చిల్లర, ఎరుపు.

నీ రొమ్ములో తిరిగొచ్చిన పొగకు
తడి అంటింది, ఒళ్ళొచ్చింది.
ఒళ్ళొచ్చినదానికి రంగుల్లో తనా పరా లేదు,
అన్నిటినీ సమంగా చెదరగొడుతుంది.
అన్నీ కలిస్తే తెలుపు.
మబ్బూ అదే.

బీడీని కంటికెదురుగా పట్టుకొని చూసినాడు,
వేలు చురుక్కుమనేదాకా.
"అయితే నల్లమోడం?"

అక్కడ కొంచెం తడబడినా.
శెనక్కాయ ఊడలు దిగే నెలలో
ఈ సీమలో నలుపు సైన్సు పాఠం కాదు.

నలుపూ పూసిన రంగు కాదు, హుస్సేనప్పా.
మందంగా నీళ్లు మోసుకొచ్చే మబ్బు
వెలుగును చానామటుకు పైకే తిప్పి పంపేస్తుంది.
పైనుంచి చూసే గద్దకు అదీ తెల్లనిదే.
అడుగున నిలబడినోళ్ళకే నలుపు.

"అట్లయితే మనం సరైన తావులోనే నిలబడినాం"
అని పీకను చెప్పు కింద నలిపినాడు.

రాయదుర్గం దిక్కున
బర్రెదూడంత మోడం ఒకటి,
వస్తుందో, తోక తిప్పుకొని పోతుందో.
గరాటు అంచు తడిమితే వేలికి చెమ్మ,
రాత్రి ఎప్పుడో నాలుగు తుంపర్లు.
కొలగాజులో మొదటి గీతను కూడా తాకలేదు.

రిజిస్టరులో రంగుకు గడి లేదు.
సున్నా వేసినా.
పక్కన పెన్సిలుతో, చిన్నగా:
తడి తగిలింది. కొలతకు రాలేదు.