మన ఎనిమిది

"బోర్డు ఉందిగా అమ్మా, ఖాళీ లేదంటాడేంది?"

నాన్న అడిగేదాకా ఖాళీనే, సువార్తా.
ఇంటాయన మంచినీళ్లిచ్చాడు, అద్దె చెప్పాడు,
ఆనక "మీరేవుట్లు?" అన్నాడు.
నాన్న చెప్పాడు.
అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, చుట్టాలు దిగుతున్నారని.
మార్కాపురంలో నాలుగు వీధులు తిరిగాం,
నలుగురికీ చుట్టాలే.

నీ గౌను కాదు, నువ్వు తిన్న కూర కాదు.
వంకరంతా ఆ ప్రశ్నలో ఉంది.

మన పేటకి నంబర్లు లేవని
ఉత్తరాలు తిరిగిపోతుంటే
క్వారీలో విరిగిన పలకముక్కలేరి
మేరమ్మత్త ఇంటింటికీ సుద్దతో అంకేసింది.
మస్తాన్‌బీ మూటతో వచ్చిన రాత్రి
"బియ్యం ఉన్నాయా?" అనే అడిగారంతా.
ముప్పై ఏడు ఆమెది.

పో, సుద్ద తీసుకురా.
రాత్రి చినుకులకి
మన ఎనిమిది
పైసగం చెరిగి సున్నాలా ఉంది.