మాట అందించే పని

సోమవారం మా థియేటర్‌కి సెలవు.
ఆరు రాత్రులు స్టేజీ కింద
చెక్కపెట్టెంత గూట్లో కూర్చుని
రాజుల బూట్లూ రాణుల చీలమండలూ చూసే నేను
ఏడో రాత్రి టికెట్టు కొనుక్కుంటాను.

ఏం పని చేస్తావని అడుగుతారు ట్రామ్‌లో పరిచయమైనవాళ్ళు.
మాట అందిస్తానంటాను.
నవ్వుతారు. నవ్వనీ.
నాలుక చివరిదాకా వచ్చి జారిపోయిన మాటని
గాల్లోనే పట్టుకుని
మళ్ళీ ఆ నోటికే చేర్చడం ఎంత పనో
మా ముసలి ఎలెక్‌ని అడగండి.
మూడో అంకంలో ఆయన కొడుకు చచ్చిపోతాడు.
ప్రతి రాత్రీ సరిగ్గా అక్కడే
కొడుకు పేరు గుర్తురాదు ఆయనకి.
ప్రతి రాత్రీ నేనందిస్తాను.
దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుంటారు జనం.
చప్పట్లు.

సెలవునాడు వేరే నాటకాలకి మాత్రం పోను.
ఒకసారి పెద్ద ఒపెరా బాల్కనీలోంచి
తడబడ్డ గాయకుడికి మాట అందించబోతే
నా కోటు నా చేతికిచ్చి గేటుదాకా సాగనంపారు.

సినిమాహాళ్ళయితే
బుడాపెస్ట్‌లో నాకు తెలియనివి లేవు.
వెన్న వాసన కొట్టే కొత్తవాటి సంగతి చెప్పను.
పెష్ట్ వైపు సందులో ఒకటుంది, ఒకప్పటి బొగ్గు గోదాం,
వాన పడితే చివరి వరసలో గొడుగు విప్పుకోవచ్చు.
బుడా వైపు కొండ కింద ఇంకోటి,
నలభై ఎనిమిది కుర్చీలు, పదకొండు విరిగినవి.
టికెట్లు చింపే ఇబోయాయే టార్చి పట్టుకొస్తుంది,
అందరూ వెళ్ళాక ఆవిడే ఊడుస్తుంది.

సినిమాలో నాకు నచ్చేదొకటే,
ఎవరూ మర్చిపోరు.
యాభై ఏళ్ళ కిందట పోయిన పిల్ల కూడా
తన మాట తడుముకోకుండా చెప్పేస్తుంది.
నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.
అలవాటు చొప్పున పెదాలు మాత్రం కదులుతాయి.
పక్కసీటాయన ఒకడు, ప్రార్థన చేస్తున్నాననుకుని
కాస్త జరిగి కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం,
డాన్యూబ్ మీద మంచుపెళ్ళలు ఒరుసుకుంటూ పోతున్నాయి,
ఇబోయా హాల్లో ఏడుగురం.
పాత నలుపు తెలుపు బొమ్మ, నాకు ఐదోసారి.
స్టేషన్ సీను.
ఆమె రైలు కిటికీలోంచి వంగింది,
నోరు తెరిచింది,
శబ్దం పోయింది.

బొమ్మ నడుస్తూనే ఉంది.
అతను టోపీ తీసి వింటున్నాడు.
వినపడుతున్నది అతనొక్కడికే.
పైగదిలో ఎవరో స్క్రూడ్రైవర్ని తిడుతున్నారు.

ఊరుకోలేకపోయాను. ముప్ఫై ఏళ్ళ రోగం.
"అక్కడ మంచు పడుతుందేమో, స్వెట్టర్ మర్చిపోకు"
అన్నాను, నా గూట్లో అన్నట్టే, ఊపిరితో.
రెండు వరసల ముందు ఒక బట్టతల వెనక్కి తిరిగింది.
తిడతాడనుకున్నాను.
"గట్టిగా," అన్నాడు.

గట్టిగా.
ఇన్నేళ్ళలో నాతో ఎవరూ అనని మాట.
తలుపు కిర్రుమన్నట్టు మొదలైంది నా గొంతు,
తర్వాత ఫరవాలేదు.
ఆమె మాటలూ, అతని మాటలూ,
గార్డు ఈల కూడా నేనే వేశాను.
ఎవరో నవ్వారు.
ఇబోయా టార్చి ఆర్పేసి గుమ్మానికి ఆనుకుంది.
నాలుగు నిమిషాలేమో.

ఉన్నట్టుండి శబ్దం తిరిగొచ్చింది.
రైలు దూరమైపోతోంది.
ఆమె మళ్ళీ అదే మాట అరుస్తోంది,
మంచు కాదట, వాన.
స్వెట్టర్ కాదు, గొడుగు.

ఐదుసార్లు చూసి తప్పు చెప్పాను.
నాకెవరూ అందించలేదు.

బయట ట్రామ్ కోసం నిలబడితే
బట్టతలాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.
చాలాసేపు ఇద్దరం పట్టాలే చూశాం.
"మీ మాటే నయం," అన్నాడు,
"గొడుగు ఎవరైనా ఇస్తారు."

ఏదో అనాలి.
నాలుక చివర ఉంది.
ఈలోగా ట్రామ్ వచ్చింది.