గడిలో పట్టని చిరునామా

కొమొదోరోలో గాలికి సెలవులుండవు.
ఆఫీసు తలుపు తెరిచినప్పుడల్లా
నా బల్ల మీది కాయితాలు లేచి నిలబడతాయి,
హెడ్మాస్టరమ్మ వచ్చిందనుకుంటాయేమో.

ఆ రోజు గాలి వెంట లోపలికొచ్చింది బసీలియా చోకే.
ఎడం చేతికి కొడుకు, కుడి చేతికి కూతురు,
చంకలో ప్లాస్టిక్ సంచి.
సంచిలో మూడు వేల కిలోమీటర్ల దారి:
పొతొసీ ఆసుపత్రి ముద్రలున్న టీకా కార్డులు,
మడతల దగ్గర చిరగబోతున్న జనన పత్రాలు,
ఎందుకైనా మంచిదని
మొగుడి ఇటుకబట్టీ కూలి చీటీ.

"కూర్చోమ్మా" అన్నాను. కూర్చోలేదు.
కూర్చుంటే వరసలో చోటు పోతుందని
ఎక్కడెక్కడో నేర్చుకొచ్చిన కాళ్ళవి.
వెనక ఎవరూ లేరు నిజానికి.

పేరు విల్మెర్. వయసు ఎనిమిది.
చదివింది రెండో తరగతి, "సగం" అంది.
మిగతా సగం బస్సుల్లో గడిచిందట.
అక్కడిదాకా పరుగెత్తిన పెన్ను
చిరునామా దగ్గర ఆగింది.

ఇరవై రెండేళ్ళుగా నింపుతున్న ఫారం.
ఆ గడి రెండు వేళ్ళ వెడల్పు,
వీధి, నంబరు, అంతకు మించి పట్టదు.
"వీధికి పేరు లేదు."
"ఇంటి నంబరు?"
"ఇంటికి తలుపే మొన్న వచ్చింది."
కరెంటు బిల్లు అడిగితే పక్కింటి తీగ.
అద్దె పత్రం అడిగితే నోటి మాట.

కళ్ళజోడు తీసి తుడిచాను,
ఏమీ తోచనప్పుడు నేను చేసే పని అదొక్కటే.
అప్పుడందుకున్నాడు పిల్లవాడు:
"కొండెక్కాలి. తలాడించే చమురు పంపొస్తుంది,
అది దేనికైనా సరేనంటుంది.
నీళ్ళ టాంకీని ఎడమకి వదిలెయ్యండి.
నీలం టార్పాలిన్ ఇల్లు మాది కాదు, దాని వెనకది.
కుక్క పేరు కపితాన్. మొరుగుతుంది. ఉత్తినే."

అంతా రాశాను.
గడి దాటి, గీత దాటి, తండ్రి వృత్తి మీదుగా నడిచి
కుక్క వెళ్ళి అలర్జీల గడిలో పడుకుంది.

ఇక చిన్నది, నాయ్రా.
జులై పదకొండున పుట్టింది.
"జూన్ ముప్పైకల్లా ఆరు నిండాలమ్మా.
చిన్నపిల్లల బడిలోనా, ఈ ఏడుకి చోటు లేదు."
బసీలియా వేళ్ళ మీద లెక్కపెట్టింది.
వేళ్ళు పది. రోజులు పదకొండు.
రెండు చేతులూ నాకేసి చూపించి
మిగిలిన ఆ ఒక్కరోజునీ
నేను సర్దలేనా అన్నట్టు చూసింది.
"రూలు నేను రాయలేదు" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

చిరునామా కళ్ళారా చూసి సంతకం పెట్టాలి,
అదీ రూలే.
ఆదివారం కొండెక్కాను.
పంపు సరేనంది. టాంకీ ఎడమకే ఉంది.
కపితాన్ మొరిగింది, ఉత్తినే.

మా సర్కారు బళ్ళలో అందరికీ తెల్లకోటే,
డాక్టరు కొడుక్కీ, పాకీపని చేసేవాళ్ళ కూతురికీ.
తీగ మీద ఒకటి ఆరుతోంది.
పిండిబస్తా విప్పి కుట్టింది:
ఎన్నిసార్లు ఉతికినా పోని ఎర్రక్షరాలు
చంక కింద మసగ్గా, యాభై కిలోలు.
లోపల పిల్లవాడు లేకుండానే
గాలికి గంతులేస్తోంది.
దాని పక్కన ఇంకొకటి.
పొట్టిది.
"పై ఏటికి" అంది బసీలియా, నేనడగకముందే,
"చేతులు పొడుగ్గా పెట్టాను."
టీ ఇచ్చింది. చక్కెర ఎక్కువైంది.
ఆ మాట నేననలేదు.

సోమవారం విల్మెర్ వరసలో నిలబడ్డాడు,
చంకలు కదలకుండా చేతులు బిగించుకుని.
గేటు అవతల పొట్టి తెల్లకోటు,
చేతులు కనబడవు, మడమల దాకా కోటే,
జెండా ఎగరేస్తుంటే
అదీ నిటారుగా నిలబడింది.

గంట కొట్టాను.
గేటు మూయడం కూడా నా పనే.
ఆ పూట గాలి మీద నెపం పెట్టి
తలుపు పడటం లేదు, పడటం లేదంటూ
కాసేపు దాంతో పెనుగులాడాను.